పెద్దవాళ్లకూ కోరింత దగ్గు వస్తుంది: నా అనుభవం

నిన్ననే రిపోర్టు వచ్చింది, కోరింత దగ్గే. కోపం చల్లారకముందే రాస్తున్నా.

మాది హన్మకొండ. ముందు జలుబు, తర్వాత దగ్గు. టీబీ ఏమోనని ఎక్స్‌రే, తెమడ పరీక్ష చేశారు, రెండూ క్లియర్.

ఆ తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయినం. ఓపీలో కూర్చుండగానే దగ్గు తెర మొదలైంది. ఊపిరి ఆడనియ్యకుండా దగ్గి దగ్గి, చివరికి కూతలాంటి చప్పుడుతో గాలి లోపలికి లాగి, అక్కడే వాంతి చేసుకున్నా. సిస్టర్ అందరి ముందు "బయటికి పో, అందరికీ అంటిస్తావా" అని అరిచింది. యాభై దాటిన మనిషిని, ఆమె నా బిడ్డ ఈడుది. లోపల డాక్టరు తలెత్తి కూడా చూడలేదు. "కోరింత దగ్గేమో సార్" అని మా ఆవిడ అంటే, "అది పిల్లల జబ్బు, డాక్టరు నువ్వా నేనా? ఇది టెన్షన్‌తో వచ్చే దగ్గు" అన్నాడు. మా ఆవిడ చదివింది పదో తరగతే, కానీ చిన్నప్పుడు తమ్ముడి దగ్గు రాత్రిళ్లు విన్న మనిషి. ఆమె చెప్పిందే నిజమైంది. రోగి వెంట వచ్చినవాళ్ల మాట వినడం కూడా వైద్యమే.

మైక్రోబయాలజీ చదివిన మా మేనల్లుడు ఫోన్లో విని, "మామా, నువ్వు చేయించిన తెమడ పరీక్ష టీబీకి, దాంట్ల ఇది దొరకదు. ముక్కు వెనకాల నుంచి పుల్లతో స్వాబ్ తీసి, క్రిమి జన్యువులను వెతికే పీసీఆర్ పరీక్ష చేయించు" అన్నాడు. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉండే కణాల మీద సీలియా అనే సన్నని వెంట్రుకలు ఉంటాయి, తెమడను పైకి తోసేవి అవే. కోరింత దగ్గు తెచ్చే బ్యాక్టీరియా బోర్డెటెల్లా పెర్టుసిస్ వాటినే పట్టుకుంటుంది. దాని ఒంటి మీది ఫిలమెంటస్ హీమగ్లుటినిన్, ఫింబ్రియే, పర్టాక్టిన్ అనే ప్రోటీన్లు ఉత్తరేణి గింజలు పంచెకు అంటుకున్నట్టు అంటుకుంటాయి, దగ్గితే ఊడిరావు. అంటుకున్నాక అది వదిలే విషాలు సీలియా ఉన్న కణాలను చంపుతాయి, తెమడ కదలక దగ్గు ఆగదు. క్రిమిని మొత్తంగా కాక దాని ముక్కలే వాడే ఏసెల్యులార్ టీకాల్లో ఈ అంటుకునే ప్రోటీన్లు కూడా ఉంటాయి, వాటిని ఎదుర్కొనే యాంటీబాడీలు ఉంటే పట్టు చిక్కడం కష్టం. కాకపోతే ఆ రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, అందుకే నాలాంటివాళ్లకూ వస్తుంది.

స్వాబ్‌కు కళ్లల్లో నీళ్లొచ్చాయి, అంతే. దగ్గు మొదలై మూడు వారాలు దాటితే పీసీఆర్‌లో దొరకడం కష్టం, కాబట్టి దగ్గు తెరలు కనబడగానే గట్టిగా అడిగి చేయించుకోండి. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు మొదలైంది. క్రిములు పోతాయి, ఇతరులకు అంటదు, కానీ పాడైన కణాలు మళ్లీ పెరిగేదాకా దగ్గు ఉంటుందట. సిరప్‌లకు డబ్బులు తగలెయ్యకండి.

మా బిడ్డకు ఎనిమిదో నెల, కాన్పుకు మా ఇంటికే రావాలి. చంటిపిల్లలకు ఇది వస్తే కూత కూడా ఉండకపోవచ్చు, ఊపిరే ఆగిపోవచ్చు. నా కోర్సు అయ్యేదాకా రావద్దన్నాం. గర్భిణులకు 27 నుంచి 36 వారాల మధ్య వేసే టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు) టీకాతో తల్లి యాంటీబాడీలు కడుపులో బిడ్డకు చేరతాయని తెలిసి, అల్లుడికి చెప్పాం, రేపు డాక్టరు దగ్గరికి తీసుకపోతున్నడు.