తిరుపతి నుంచి శ్రీసిటీ దాకా: కార్ల కంపెనీ డబ్బు ఊళ్లోకి ఏ దారిన వస్తుంది?

తిరుపతి నుంచి శ్రీసిటీ పారిశ్రామిక వాడకు పోవాలంటే మేము రేణిగుంట, శ్రీకాళహస్తి, వరదయ్యపాళెం దారే పట్టుకుంటాం. తెల్లవారకముందే బయలుదేరితే శ్రీకాళహస్తి దాటాక షిఫ్టు బస్సులు ఎదురవుతాయి. అడ్డరోడ్ల దగ్గర టిఫిను క్యారియరు పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లలు, మగపిల్లలు ఆ బస్సులెక్కుతుంటారు. కార్ల పరిశ్రమ ఈ పల్లెలకు ఏమిచ్చిందో తెలుసుకోవాలంటే ఫ్యాక్టరీ గేటు కన్నా ముందు ఈ అడ్డరోడ్లు చూడాలి.

వరదయ్యపాళెం, సత్యవేడు మండలాల్లో 2008లో శ్రీసిటీ మొదలైంది. అప్పుడది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. అక్కడి ఇసుజు ప్లాంటులో 2016 ఏప్రిల్‌లో పికప్ బండ్ల తయారీ మొదలైంది. తొలిదశ సామర్థ్యం ఏడాదికి 50,000 బండ్లు. చినపాండూరు దగ్గర అపోలో టైర్ల ఫ్యాక్టరీ, సత్యవేడు వైపు హీరో మోటోకార్ప్, తిరుపతి పక్కన కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. టైరు, బ్యాటరీ, బండి అన్నీ ఒక్క పూట ప్రయాణంలోనే తగులుతాయి.

కంపెనీ డబ్బు ఊళ్లోకి మూడు దారుల్లో వస్తుంది: జీతం, సామాజిక బాధ్యత నిధి, కొనుగోలు. ఊళ్లలో ఎక్కువగా మాట్లాడేది రెండోదాని గురించే. గట్టిగా నిలిచేది మాత్రం మూడోదని మా అభిప్రాయం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ ₹500 కోట్లు, టర్నోవరు ₹1,000 కోట్లు, నికర లాభం ₹5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ ఆ చట్టమే చెబుతుంది. అయితే అది లాభం మీద లెక్క. లాభం తగ్గితే ఆ నిధీ తగ్గుతుంది. చొక్కాలు, గ్లవుజులు, క్యాంటీన్ కూరగాయలు అలా కాదు. ఫ్యాక్టరీ లైను నడిచినన్నాళ్లూ వాటితో పని ఉంటుంది.

వరదయ్యపాళెం దాటాక ఒక ఊళ్లో డ్వాక్రా సంఘం నడిపే కుట్టు షెడ్డు ఉంది. విడిభాగాల కంపెనీ ఒకదానికి అక్కడ యూనిఫాంలు కుడతారు. మామూలు చొక్కాకీ ఈ చొక్కాకీ తేడా గుండీల దగ్గరే తెలిసిపోతుంది. ముందు పట్టీ రెండు పొరలు. గుండీలు, కాజాలు లోపలి పొరలో ఉండిపోతాయి, పైకి నున్నటి బట్టే కనిపిస్తుంది. జేబు మూతకు లోహపు బటన్ ఉండదు, వెల్క్రో ఉంటుంది. బండి మీదికి వంగి పని చేసేటప్పుడు గుండీ రాసుకుంటే పెయింటు గీసుకుపోతుంది, ఆ ప్యానెల్‌కి మళ్లీ పాలిష్ పట్టాలి. "గుండీ బయటికి కనపడితే చొక్కా వెనక్కొచ్చేస్తాది సార్" అని సంఘం లీడరు పట్టీ మడత విప్పి చూపించింది.

పెయింట్ షాపు వాళ్ల బట్టలకు పట్టింపు ఇంకా ఎక్కువ. నూలు పీచు రాలకూడదు. సిలికాన్ తగలనే కూడదు. కుట్టు జారడానికి దారానికి సిలికాన్ స్ప్రే కొట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ చుక్క పెయింటు పొర కిందికి చేరితే రంగు అక్కడ పరుచుకోక గుంటలు పడుతుంది. ఒక్కో ఆర్డరు ఎందుకు వెనక్కొచ్చిందో కుట్టినవాళ్లకు చివరిదాకా అర్థం కాకపోవడానికి ఇదో కారణం.

బట్ట 65 శాతం పాలిస్టరు, 35 శాతం కాటన్ తీసుకుంటే కుంచించుకుపోవడం తక్కువ. కాటన్ ఎక్కువున్న బట్టను ముందే తడిపి ఆరబెట్టి, ఆ తర్వాతే కట్టింగు చేయాలి. ఆర్డరు మొత్తానికి తానులు ఒకే అద్దకం లాటులోవి కొనాలి. రెండు లాటులు కలిస్తే చొక్కా ఒక నీలం, ప్యాంటు ఒక నీలం అయి కూర్చుంటుంది. ముందు ప్రతి సైజులో ఒక్కో శాంపిల్ ఇచ్చి, కంపెనీ సంతకం చేయించుకున్నాకే మిగతా బట్టకు కత్తెర పెట్టాలి.

ఇక పెట్టుబడి. 58 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) అయితే ఒక జతకు దాదాపు 2.8 మీటర్లు. 300 జతలకు 840 మీటర్లు. మీటరు ₹180 అనుకుంటే బట్టకే ₹1,51,200 ముందే పెట్టాలి. దారం, గుండీలు, ఇస్త్రీ, కూలి వేరే. సంఘాలు కుట్టు రాక దెబ్బతినడం అరుదు. బిల్లు వచ్చేలోపు చేతిలో డబ్బు ఆడక దెబ్బతింటాయి. స్వయం సహాయక సంఘానికి ₹10 లక్షల దాకా బ్యాంకులు హామీ అడగకూడదు. గ్రామ సమాఖ్య తీర్మానం, ఆర్డరు కాపీ తీసుకుని బ్యాంకుకు పోతే పని త్వరగా కదులుతుంది.

చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు ఉచితం, సంఘం పేరు మీదే చేయించుకోవచ్చు. అది ఉంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం రక్షణ దొరుకుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే సరుకు అంగీకరించిన రోజు నుంచి ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కానీ సరుకు దించిన రోజు చలానా మీద తేదీ, ముద్ర వేయించుకోకపోతే ఈ లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తేలదు. ఆ ముద్రను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

సత్యవేడు వైపు తిరిగితే ఐటీఐ పిల్లల మాటలు వినిపిస్తాయి. 30 మంది, అంతకు పైగా పనిచేసే ప్రతి సంస్థా సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండులో నాలుగో వంతు, నెలకు ₹1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. "ట్రైనీ" అని రాసిచ్చిన ప్రతి కాగితమూ అప్రెంటిస్ ఒప్పందం కాదు. కేంద్రం పోర్టల్‌లో నమోదైన ఒప్పందం నంబరు ఉందా లేదా చూసుకోవాలి. ఆ నంబరు లేకుండా ఏడాది పనిచేసిన పిల్లకు చివర్లో జాతీయ సర్టిఫికెట్ రాదు, ఇంకో కంపెనీలో మళ్లీ మొదటి మెట్టు నుంచే. ఇది చూసినప్పుడు నిజంగా బాధేస్తుంది.

తిరుగుదారిలో ఒక ఊళ్లో కంపెనీల నిధులతో కట్టిన నీళ్ల ప్లాంటుకు తాళం వేసి ఉంది. ఇలాంటి ప్లాంట్లు ఆగిపోయే తీరు దాదాపు ఒకటే. బోరు నీటిలో సున్నం ఎక్కువైతే నీటిని వడగట్టే మెంబ్రేన్ పొర మీద పేరుకుంటుంది. దాన్ని ఆపే మందు డబ్బా అయిపోయాక ఎవరూ కొనరు. కొన్నాళ్లకు నీళ్లు సన్నగా వస్తాయి, మోటారు మీద ఒత్తిడి పెరుగుతుంది. 20 లీటర్ల క్యాను ₹5 చొప్పున రోజుకు వంద అమ్మినా నెలకు ₹15,000. అందులో కరెంటు, మనిషి జీతం పోను ఫిల్టర్లకు, మెంబ్రేన్‌కు వేరే ఖాతాలో నెలనెలా తీసిపెట్టకపోతే ఆ ప్లాంటు నిలవదు.

నిధి అడిగే ఊళ్లు ముందు కంపెనీ వార్షిక నివేదికలో సామాజిక బాధ్యత అనుబంధం తీసి చూడాలి. ఆ ఏడాది మొత్తం ఎంత ఖర్చయిందో అందులో ఉంటుంది. ఆ నిధితో కొన్న కుట్టు మిషన్లు, భవనాలు కంపెనీ పేరు మీద ఉండకూడదనేది నిబంధన. నమోదైన ట్రస్టు, స్వయం సహాయక సంఘం, ప్రభుత్వ సంస్థ వంటివాటి పేరునే ఉండాలి. అందుకే దరఖాస్తులో మిషన్ల సంఖ్యతో పాటు అవి ఎవరి పేరున ఉంటాయి, రిపేరు ఖర్చు ఏ ఖాతాలోంచి వస్తుంది, కుట్టిన సరుకు ఎవరు కొంటారు అన్నవి కూడా రాయాలి. కొనేవాళ్ల దగ్గర్నుంచి ఒక ఉత్తరం జతచేస్తే ఇంకా మంచిది.