పైసాని బైసా అనే ఊళ్లో

మస్కట్‌లో దిగిన మొదటి పూటే నాకు టోపీ పెట్టేస్తున్నారని భయపడ్డాను. అది నిజంగా టోపీ కొట్టే. ముత్రా బజారు మొదట్లో, ఒమానీలు పెట్టుకునే కుమ్మా అనే గుండ్రటి కుట్టుపని టోపీకి 3.500 అని చీటీ అంటించి ఉంది. చుక్క నా కంటికి ఆనలేదు. ఒక రియాల్ అంటే మన రెండు వందల రూపాయల పైమాటే. ఏడు లక్షల టోపీయా! నా మొహం చూసి దుకాణదారు నవ్వాడు. "మూడున్నర రియాల్, సాబ్" అన్నాడు హిందీలో. ఇక్కడ రియాల్‌కి వంద కాదు, వెయ్యి బైసాలు. అందుకే చుక్క తర్వాత మూడు అంకెలు.

బైసా అంటే మన పైసాయే. అరబ్బీలో 'ప' లేదు, బతికిపోవాలంటే 'బ' అయిపోవాల్సిందే. మస్కట్‌లో 1970 దాకా చెల్లింది రూపాయలే అని తెలిశాక, ఈ మాట ఇక్కడికెలా వచ్చిందన్న సందేహం తీరిపోయింది. గల్ఫ్ నుంచి బంగారం దొంగతనంగా మన దేశంలోకి వస్తూ విదేశీ మారకాన్ని హరించేస్తుంటే, 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతానికని విడిగా రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించాక, అప్పటికింకా దాన్ని వాడుతున్న మిగతా చోట్ల కూడా వదిలేశారు. ఒమాన్ మరో నాలుగేళ్లు పట్టుకుని ఉంది.

టోపీ కొని లోపలికి వెళ్దామనుకునేసరికి టపటపా షట్టర్లు పడిపోయాయి. మధ్యాహ్నం ఒంటిగంట. ఏం చేయాలో తోచక ఎదురుగా సముద్రపు ఒడ్డున టీ కొట్టుకి పోయాను. ఫోన్లో నా తెలుగు విని టీ పోసే అబ్బాయి తలెత్తాడు.

"ఏ ఊరండి మీది?"

"విజయవాడ. మీది?"

"రాజోలండి. ఇప్పుడు బజారుకొచ్చారేంటండి? పొద్దున్నయినా రావాలి, నాలుగు దాటాకైనా రావాలి. మధ్యలో ఈ ఊరు పడుకుంటుందండి."

చేసేది లేక నేనూ కూర్చున్నాను. జనవరి కాబట్టి ఎండ హాయిగానే ఉంది. ఒక పక్క నల్లటి రాతికొండలు, ఇంకో పక్క నీళ్లు, మధ్యలో తెల్లటి ఇళ్ల వరస. కొండకొమ్మున ఉన్నది పోర్చుగీసువాళ్ల కోట. వాళ్లు 1507లో ఈ రేవుని పట్టుకుంటే, మళ్లీ తరిమేయడానికి ఒమానీలకి 1650 దాకా పట్టింది. పాత మస్కట్‌లో సుల్తాను భవనానికి చెరో పక్కా కాపలా ఉన్న జలాలీ, మిరానీ కోటల్ని మర్నాడు బయటి నుంచే చూశాను. ఆ చుట్టుపక్కలే వందేళ్లు దాటిన శివాలయం ఉంది. కచ్ నుంచి ఓడలెక్కి వచ్చిన భాటియా వర్తకుల చలవ అది.

సాయంత్రం బజారు లేచింది. దీనికి 'చీకటి బజారు' అని అర్థం వచ్చే పాత పేరు ఉంది. సందులు అంత ఇరుకు, పైన కప్పు. కళ్లకంటే ముందు ముక్కు దారి చూపిస్తుంది, అడుగడుక్కీ లుబాన్ పొగ. మన సాంబ్రాణికి దగ్గరి చుట్టం. దక్షిణాన దోఫార్ కొండల్లో చెట్టు బెరడు గీస్తే కారే పాలు గడ్డకట్టి ఇదవుతుంది. పచ్చటి ఛాయ ఉన్న హోజరీ రకం ఖరీదెక్కువ. నేను బేరమాడి రెండో రకం కొన్నాను. బేరం గెలిచానో ఓడానో ఇప్పటికీ తేలలేదు.

సుల్తాన్ ఖాబూస్ మసీదు కూడా చూశాను. 70 మీటర్ల పొడవూ 60 మీటర్ల వెడల్పూ ఉన్న ఒకే తివాచీ, చూసి తీరాల్సిందే. కానీ అక్కడ ఉన్నంతసేపూ నా ధ్యాస ముత్రా చేపల మార్కెట్ మీదే. మర్నాడు పొద్దున్నే పోయి, బల్ల మీద నా చెయ్యంత వంజరాలు చూసి, వండుకునే వీలు లేనందుకు నిట్టూర్చి వచ్చాను.

తిరిగొచ్చేటప్పుడు విమానాశ్రయంలో నోట్లు మార్చారు, చిల్లర మాత్రం తీసుకోం అన్నారు. యాభై బైసాల బిళ్లలు ఆరు మిగిలాయి. ఇంట్లో అమ్మ వాటిని చూసి, "పైసలే కదా" అని తన పాత చిల్లర డబ్బాలో వేసేసింది.