పాత పికప్‌కు ముందర కమాన్ పని: నా అనుభవం

పాత బండికి కమాన్, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు, పని చేయించేటోళ్లకు ముందుగాల ఒక్కటే మాట చెప్తున్న. ఇప్పిన సామాను ఒక్క ముక్క గూడ షెడ్డుల వదిలిపెట్టి రావద్దు. నా బండి నిన్ననే సక్కగైంది. కోపం ఇంక తగ్గలే, ఆ వేడి మీదనే రాస్తున్న.

మాది హాలియా దిక్కు. బత్తాయి తోట ఉన్నది, దాంతో పాటు ఒక పికప్. ఏపీ 24 నంబర్ అంటేనే దాని వయసు తెలుస్తది, తెలంగాణ రాకముందు బండి. ముందర గూడ కమాన్ కట్టలే ఉన్నయి, కాయిల్ స్ప్రింగులు కావు. ఈ చక్రానికి ఆ చక్రానికి కలిపి ఒకటే యాక్సిల్. మా కాయ, పక్క తోటలోళ్ల కాయ నల్లగొండకు, ధర బాగుంటే హైదరాబాద్‌కు దీంట్లనే పోతది. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంల ఉన్నప్పుడు ఇదే బండి తిరిగింది, బాటసింగారం పోయినంక గూడ ఇదే తిరుగుతున్నది.

ఎనిమిదేండ్లు దాటిన గూడ్స్ బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేపియ్యాలె. ఈసారి ఆ తారీఖు దగ్గరపడుతుంటే ముందర చప్పుడు మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే టక్కుమనుడు, గుంతల పడితే స్టీరింగ్ చేతులల్ల కొట్టుకునుడు. జాకీ మీద లేపి, చక్రం మీద ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి ఏసి ఊపితే కదులుతున్నది. ఇక్కడ ఒక పని చేసి చూడుండ్రి. లోపల ఒకర్ని కూసోబెట్టి బ్రేక్ తొక్కి పట్టమని మల్ల ఊపుండ్రి. కదులుడు ఆగితే హబ్ బేరింగ్ లూజు. ఆగకపోతే కింగ్ పిన్, అంటే ముందర చక్రం అటు ఇటు మలిగే నిలువు పిన్ను, అరిగినట్టు. మాది ఆగలే. ఇంటికాడనే మా తమ్ముణ్ణి కూసోబెట్టి ఇది తేల్చుకున్నంకనే నేను షెడ్డుకు పోయిన. అందుకే మేస్త్రీ బేరింగులు గూడ మార్చాలె అంటే వద్దని గట్టిగ చెప్పగలిగిన. ఎరుక లేకుండ పోయేటోళ్ల బిల్లుల అయి గూడ కలుస్తయి.

సామాను కొనుడు తిప్పలేం కాలే. రెండు దిక్కులకు కొత్త కమాన్ కట్టలు, షాకిల్ బుష్షులు, పిన్నులు, షాకబ్జర్లు, కింగ్ పిన్ కిట్, టై రాడ్ ఎండ్లు తీసుకున్న. కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే యూ బోల్టులు మాత్రం పాతయి మల్ల వాడనియ్యలే. ఏండ్ల సంది బిగించి ఉన్న యూ బోల్టు సాగుతది, మల్ల అదే పట్టు పట్టది.

కింగ్ పిన్ పని ఆ షెడ్డుల మంచిగనే చేసిండ్రు, అది ఒప్పుకోవాలె. పిన్నును యాక్సిల్ల అడ్డంగ ఒక చిన్న లాక్ పిన్ పట్టుకొని ఉంటది. అది తియ్యకుండ మీదికెళ్లి సమ్మెటతోటి కొడితే యాక్సిల్ కన్నమే పాడైతది. మాది తుప్పు పట్టి కరుసుకపోయింది. గ్యాస్ పెట్టి కాల్చి, సల్లారినంక తీసిండ్రు. కొత్త బుష్షులు ఎక్కించి, మీది బుష్షు కింది బుష్షు ఒకటే వరుసల వచ్చేటట్టు పొడుగు రీమర్ (కన్నం లోపల గీకి సాపు చేసే పనిముట్టు) కొట్టిండ్రు. దేనికది యేరేగ గీకితే పిన్ను ఎక్కుతది గని స్టీరింగ్ బిగుసుకపోతది.

లొల్లి సామాను కాడ మొదలైంది. పాత కమాన్ కట్టలు నేను తీసుకపోత అన్న. కమాన్ పట్టీ అంటే మంచి ఉక్కు. మా ఊరి కమ్మరి దాంతోటి గొడ్డలి కొడితే ఏండ్లకేండ్లు పదును ఉంటది. షెడ్డు మేస్త్రీకి అది నచ్చలే. "మా కాడ ఇప్పిన ఇనుము మాకే ఇడిసిపెడ్తరు పటేలా, ఎవ్వరు అడగరు" అన్నడు. పైసలు నేను పెట్టిన, బండి నాది, సామాను నాది అన్న. పనిపిల్లగాండ్ల ముందట, ఇంకో బండోళ్ల ముందట, "ఇనుప సామాన్లోనికి కిలోల లెక్క అమ్ముకుంటడంట, బత్తాయి ధర పడిపోయిందేమో" అని నవ్విండు. అందరు నవ్విండ్రు. నేను తల దించుకోలే. కట్టలు రెండు బండి ఎనక ఏసుకొని తాడు కట్టుకున్న, చిన్న ముక్కలన్ని ఎరువు బస్తాల ఏసుకున్న. పైస తక్కువ చెయ్యకుండ కూలి ఇచ్చి బయటికి వచ్చిన.

రోడ్డెక్కంగనే తెలిసిపోయింది. చప్పుడు లేదు, ఊగుడు లేదు, గని స్టీరింగ్ తిరిగి వస్తలేదు. మూల మలిపినంక చెయ్యి వదులు చేస్తే దానంతట అదే సక్కగ కావాలె గద. అది మలిపిన కాడనే ఉంటున్నది. నల్లగొండ దాటి ఖాళీ రోడ్డు మీద జర స్పీడ్ పెంచితే బండి ఒకసారి అటు, ఒకసారి ఇటు. అరచేతులల్ల చెమట. ఇంతకుముందు గుంతలల్ల కొట్టుకునేది గని సక్కటి రోడ్డు మీద ఎన్నడు భయపెట్టలే.

మల్ల షెడ్డుకు పోయిన. "కొత్త బుష్షులు, బిగువుగ ఉంటయి, నాలుగు లోడ్లు కొట్టు, సదురుకుంటది." కొట్టిన. సదురుకోలే. మల్ల పోతే టైర్లు అరిగినయన్నరు. ముందర టైర్లు ఎనక్కు, ఎనకవి ముందరికి మార్చిన. అదే కథ. స్టీరింగ్ బాక్సు పోయి ఉంటది, అది గూడ చేపియ్యమన్నరు. పని చేసే ముందు మంచిగున్న స్టీరింగ్ బాక్సు పని చేసినంక ఎట్ల పోతది? ఆ ఒక్క ముచ్చటకు షెడ్డుల ఎవ్వరు జవాబు చెప్పలే.

అక్కడికెళ్లి కంప్యూటర్ అలైన్‌మెంట్ చేసేకాడికి పోయిన. నా ఇజ్జత్ పోయింది ఈడనే. మిషన్ పెట్టి కాగితం తీసిండ్రు. నేను తొమ్మిది దాక చదువుకున్న, కాగితం చూడ వస్తది. దాంట్ల ఒక వరుస రెండు దిక్కుల ఎర్రగ ఉన్నది. ఇదేంది సేటూ అని అడిగిన. "అది క్యాస్టర్. మీ బండికి యాక్సిల్ ఒకటే దుంగ, అది మార్చరాదు, ఇడిసిపెట్టు" అన్నడు. మార్చరాదు సరే, ఎర్రగ ఎందుకున్నది అన్న. కౌంటర్ కాడ కార్లోళ్లు కూసున్నరు. అండ్ల ఒక పెద్దమనిషి ఇటు తిరిగి చూస్తున్నడు. సేటు గొంతు పెంచి, "గీ బండి స్క్రాప్‌కు ఇయ్యి, లేకపోతే నడపవచ్చినోణ్ణి డ్రైవర్‌గ పెట్టుకో. స్టీరింగ్ పట్టరానోళ్లు వచ్చి మిషన్‌కు వంకలు పెడ్తరు" అన్నడు.

నేను శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద లోడు బండి నడిపినోణ్ణి. మీసాలు రానప్పటి సంది ట్రాక్టర్ పట్టినోణ్ణి. ఆ మాట ఆ రాత్రి నిద్ర పోనియ్యలే. ఒక మనిషి పని గురించి అడిగితే పని గురించే జవాబు చెప్పాలె. తెలియకపోతే తెలియదనాలె. అడిగినోని బట్టలు, బండి వయసు చూసి మాట్లాడేటోళ్లు దుకాణాలు పెట్టుకోని ఏం లాభం? అయినా పైసలు కట్టి, ఆ కాగితం మడత పెట్టి జేబుల పెట్టుకున్న.

మిర్యాలగూడల రైస్ మిల్లు లారీలకు కమాన్ పని చేసే ఒక ముసలి చాచా ఉన్నడని మా మేనమామ చెప్పిండు. పోయి ఆ కాగితం చేతుల పెట్టిన. ఆయన నన్ను పక్కన కూసోమని తానే నడిపిండు. మలుపు కాడ చెయ్యి వదిలిండు, స్టీరింగ్ రాలే. ఏం మాట్లాడలే. వాపస్ వచ్చి, పాత దుప్పటి పరుచుకొని టార్చ్ పట్టుకొని బండి కిందికి పోయిండు. కమాన్ కట్ట యాక్సిల్ మీద కూసున్న కాడ ఏలు పెట్టి తడిమిండు. "బేటా, ఈడ వెడ్జ్ ఏది?" అన్నడు.

నాకు తెల్వదన్న. ఆయన అగ్గిపెట్టె తీసి చూపెట్టుకుంట చెప్పిండు. కొన్ని బండ్లల్ల కట్టకు యాక్సిల్‌కు నడుమ ఒక ఇనుప బిళ్ల ఉంటది. ఒక దిక్కు మందం, ఒక దిక్కు పలుచన. అది ఉంటేనే యాక్సిల్ జర ఎనక్కు వాలుతది, కింగ్ పిన్ నెత్తి ఎనక దిక్కు పోతది. సైకిల్ ముందర ఫోర్కు ఏటవాలుగ ఉంటది గద, అందుకే చేతులు వదిలినా హ్యాండిల్ సక్కగ ఉంటది. ఆ వాలు పోతే బండికి సక్కగ పోవాలన్న బుద్ధే ఉండది. కాగితంల ఎర్రగ ఉన్నది అదే. కొత్త కట్టతోటి ఆ బిళ్ల రాలే. పాతదానికి ఉన్నదాన్ని ఎవ్వరు తీసి పెట్టలే.

"పాత కట్టలు ఏడున్నయి?" అన్నడు. ఇంటికాడ ఉన్నయన్న. ఆయన మొఖం వెలిగింది.

మా ఇంటికాడ బర్ల కొట్టం పక్కన పడేసి ఉన్నయి. కమ్మరి ఇంక తీసుకపోలే. తిప్పి చూసిన. అడుగు పట్టీ కింద గ్రీజు, మట్టి కలిసి గడ్డకట్టి, పట్టీల ముక్కనే అన్నట్టు ఉన్నది. స్క్రూడ్రైవర్‌తోటి గీకితే సన్నగ ఒక గీత కనబడ్డది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే ఊడింది. జానెడు లేదు, నడుమ సెంటర్ బోల్టుకు కన్నం, ఒక అంచు నా చిటికెన ఏలు మందం, ఇంకో అంచు రేకు లెక్క. రెండో కట్టకు గూడ అట్లనే ఉన్నది. ఈ రెండు ముక్కల కోసం నా స్టీరింగ్ బాక్సు ఇప్పమన్నరు.

చాచా యూ బోల్టులు వదులు చేసి, చాసిస్ జాకీ మీద లేపి, మందం అంచు ఎనక దిక్కు పెట్టి ఎక్కించిండు. మా బండికి మందం ఎనకకే ఉండాలె, ఉల్టా పెడితే ఉన్నదానికంటె అధ్వానం అయితది. బండి బరువు చక్రాల మీద దించినంకనే యూ బోల్టులు ఎదురెదురుగ బిగించిండు. రబ్బరు బుష్షుల బోల్టులు గూడ అట్లనే, జాకీ మీద ఉండంగ బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగ చినుగుతది. ఆఖరికి టో-ఇన్, అంటే ముందర చక్రాలు జర లోపలికి చూసే వాటం, టేపు పెట్టి కొలిచి సరిచేసిండు. ఆయన అడిగిన కూలి విని నేనే ఎక్కువ ఇచ్చిన. మిర్యాలగూడకెళ్లి ఇంటికి వచ్చేదాక ఒక చెయ్యితోటి నడిపిన.

షెడ్డు మేస్త్రీకి ఆ వెడ్జ్ ఫోటోలు వాట్సాప్ చేసిన. చూసిండు, జవాబు ఇయ్యలే. కూలి పైసలు సగం వాపస్ ఇయ్యమని రాసిన, దానికీ లేదు. ఫిట్‌నెస్ అయినంక షెడ్డుకు పోయి, నవ్విన పిల్లగాండ్ల ముందటనే అడుగుత.

ఇగ మిగిలింది ఒక్క పని. వెడ్జ్ పెట్టి మల్ల బిగించిన కట్టలు మొదటి లోడుకు కూసుంటయి, యూ బోల్టులు జర వదులైతయి. రేపు బాటసింగారం పోయి వచ్చినంక పానా పట్టుకొని మల్ల బిగించాలె.