కంప్యూటర్ కొలిచిన మూలలు

దుబాయ్‌లో బిల్డింగ్ ఓనర్ల తరఫున క్వాంటిటీలు, అంటే కాంక్రీటు, ప్లాస్టరింగ్ లాంటివి ఎంతెంత పడతాయో లెక్క తీసే ఆఫీసులో చేరిన మొదటి వారం, ఇక్కడ నాకు పనేముంది అనిపించింది. వరంగల్ సైట్లలో టేపు పట్టుకుని, ఎం-బుక్కులో (కొలతల పుస్తకం) పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకున్నవాణ్ణి. ఇక్కడ రెవిట్ అనే బిల్డింగ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూల్, అంటే లెక్కల పట్టిక, తెరిస్తే టవర్ కాంక్రీటంతా వరసగా దిగిపోయింది. మున్సిపాలిటీ 2014 నుంచే పెద్ద భవనాలకు బిమ్ మోడల్ (కంప్యూటర్లో కట్టిన త్రీడీ భవనం) తప్పనిసరి చేసింది కాబట్టి, మోడల్ లేని టవర్ మా దగ్గరికి రావడం తక్కువ.

ఆ మొదటి లెక్కే తప్పింది. 22 అంతస్తులు, అంతస్తుకు 40 కాలమ్‌లు. కాలమ్‌ను కింది ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్ దాకా గీసి, శ్లాబును దాని మీదుగా పరిచేశారు. రెండిటినీ సాఫ్ట్‌వేర్‌లో జాయిన్ చెయ్యలేదు, చేస్తే కలిసినచోటు ఒక్కసారే లెక్కకొచ్చేది. చూస్తే ఏమీ తెలీదు. 80 సెంటీమీటర్ల చదరపు కాలమ్, 25 సెంటీమీటర్ల శ్లాబు కలిసే ప్రతిచోటా 0.16 క్యూబిక్ మీటర్లు రెండుసార్లు లెక్కకొచ్చింది. 880 చోట్లకు దాదాపు 141. రెడీమిక్స్ లారీలైతే పదిహేనుకు తక్కువ కాదు.

మా సీనియర్ మలయాళీ. ఒక్క ఫ్లోర్ ప్లాన్ ప్రింటు తీసి, కాలిక్యులేటర్‌తో అరగంటలో పట్టేశాడు. తిట్టలేదు. నా టెన్షన్ మాత్రం తగ్గలేదు, టెండర్‌కు రెండు రోజులే ఉంది.

మోడల్‌లో అన్నీ ఉండవు కూడా. షట్టరింగ్‌ను, అంటే కాంక్రీటు పోసే అచ్చును, అందులో ఎవరూ గీయరు. టెండర్ దశలో స్టీలూ ఉండదు, క్యూబిక్ మీటరుకు ఇన్ని కిలోలని వేసుకోవడమే. అసలు తలనొప్పి ప్లాస్టరింగ్. కొలతలకు మన ఇండియన్ స్టాండర్డ్ ఐ.ఎస్. 1200 ప్రకారం, గోడ రెండువైపులా పూస్తే 1.44 చదరపు మీటర్ల కిటికీకి ఒకవైపే మినహాయించాలి, రెండోవైపుది కిటికీ పక్కలు పూసిన పనికి సరిపోతుంది. రెండువైపులా కోసేసిన కాంట్రాక్టర్‌తో మా నాన్న, తాపీ మేస్త్రి, గొడవపడటం చిన్నప్పుడు చూశాను. రెవిట్ కూడా రెండువైపులా కోసేస్తుంది. ఇక్కడి కాంట్రాక్టుల్లో కొలతల రూల్ వేరే, దాని ప్రకారం మళ్లీ మనమే సరిచెయ్యాలి.

ఆ రాత్రి నాన్నకు ఫోన్లో లారీల సంగతి చెప్పాను.

“గోడలను బయటినుంచి కొలుస్తే మూలలు రెండుసార్లు వస్తయి బిడ్డా. మాకు మొదటిరోజే చెప్పిండ్రు. నీ కంప్యూటర్‌కు ఎవరూ చెప్పలేదా?” అని, కాసేపాగి అడిగాడు. “దొరకకుంటే ఆ పదిహేను లారీల పైసలు ఎవరికి పోతుండె?”

“గుత్త కాంట్రాక్టు నాన్నా, మొత్తం పనికి ఒకే సొమ్ము. కాంట్రాక్టర్‌కే” అన్నాను.

నవ్వాడు.