పదకొండు గంటల గ్లాసు

ఈరోజు కార్తీక సోమవారం. మా అత్తగారు తెల్లవారుజామున నాలుగు గంటలకే తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టుకుని, సాయంత్రం నక్షత్రం కనిపించేదాకా మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టనని కూర్చున్నారు. నేను అయిదు గంటలకు లేచి, పెరటి అరుగుమీద పాత కరెంటు పొయ్యి పెట్టుకుని రెండు గుడ్లు ఉడకబెట్టుకున్నాను. కార్తీకమాసంలో మా వంటింట్లోకి గుడ్డు రాదు. పెళ్ళైన కొత్తలో ఆ నియమాన్ని నేనూ ఇష్టంగానే పాటించాను. నా బరువు ముప్పయ్యెనిమిది కిలోలకు దిగిపోయిన ఏడాది మాత్రం, కార్తీకం వచ్చింది కాబట్టి గుడ్డు మానేస్తానంటే ఆవిడే కోప్పడ్డారు. “మందుకి మైలేటమ్మా? పెరట్లో ఉడకబెట్టుకో” అన్నారు. చదువు అయిదో తరగతితో ఆగిపోయిన మనిషి అంత తేలికగా తేల్చేసిన ఆ మాటను, ఆ తర్వాత ఎన్నో కార్యాలయాల్లో, ఎన్నో కాగితాలమీద వెతికాను గానీ దొరకలేదు.

నాకున్నది క్రోన్స్ వ్యాధి. నోటినుంచి మలద్వారందాకా జీర్ణమార్గంలో ఎక్కడైనా వాపు, పుళ్ళు తెచ్చిపెట్టగల జబ్బు ఇది. నాకు చిన్నపేగు చివరి భాగంలో వచ్చింది. 1932లో న్యూయార్కులో ముగ్గురు వైద్యులు కలిసి దీన్ని వర్ణిస్తూ వ్యాసం రాస్తే, అక్షరక్రమంలో క్రోన్ పేరు ముందుండటంవల్ల జబ్బుకు ఆ పేరే స్థిరపడిపోయిందట. ఆ పేరుతో నేను పడిన అవస్థ ఒకటి ఇక్కడ రాసుకోవాలి. నాకు ఈ జబ్బని తెలిసినది కరోనా రోజుల్లో. ఎవరైనా అడిగితే “క్రోన్స్ అండీ” అనగానే నాలుగడుగులు వెనక్కి వేసేవారు. ఆ తర్వాత “పేగుపూత” అని చెప్పడం అలవాటు చేసుకున్నాను.

పుండు మానినచోట మచ్చ గట్టిపడి నా పేగు కొంత సన్నబడింది. అందుచేత తొక్కలు, గింజలు, పీచు ఉన్నవేవీ నాకు పనికిరావు. విజయనగరంలో పుట్టి, ఆవపెట్టిన పనసపొట్టు కూర తినకుండా బతకడమంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, తొక్కా గింజా తీసేసిన ఆనపకాయ, ఇడ్లీ, పెరుగు, గుడ్డులోని తెల్లసొన, మొలకెత్తించి ఆరబెట్టి విసిరిన చోళ్ళ (రాగుల) పిండిని గుడ్డలో వడగట్టి కాచిన అంబలి: ఇవి నా భోజనం. చోళ్ళను మొలకెత్తిస్తే అంబలి పలచగా కాగుతుంది కాబట్టి అదే గ్లాసులో పిండి ఎక్కువ పట్టించవచ్చునని ఆసుపత్రి డైటీషియన్‌గారు చెప్పినప్పుడు, మా అమ్మమ్మ బాలింతలకు అలాగే కాచి ఇచ్చేదని గుర్తొచ్చింది. ఇంత చేసినా ఒంటికి చాలేంత శక్తి అందదు. తిన్నదంతా ఒంటబట్టని పేగు ఇది. బి12 విటమినును పీల్చుకునే చోటు సరిగ్గా నాకు పుళ్ళు పడిన చోటే కాబట్టి, దాన్ని సూదిమందుగా తీసుకోక తప్పదు. మిగిలిన లోటును పూడ్చడానికే డబ్బాలో వచ్చే పోషకాహారపు పొడి.

బడిలో పదకొండు గంటలకు విరామం గంట కొట్టగానే ఆ పొడి కలుపుకుని తాగుతాను. ఈరోజు మా స్టాఫ్‌రూములో ఆరుగురిలో నలుగురు ఉపవాసం. సీసాలో కొలిచి తెచ్చుకున్న పొడిని ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్ళలో గిలకొడుతుంటే, కొత్తగా చేరిన లెక్కల టీచరు, “అది తాగితే నాకూ కొంచెం నీరసం తగ్గుతుందేమో అక్కా” అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, మనసులో మాత్రం ఆ గ్లాసు ధర రెండువందల పైచిలుకని మెదిలింది. ఈ జబ్బు నాకు అంటించిన గుణాల్లో నాకు నచ్చనిది ఇదే.

లెక్క ఇలా ఉంటుంది. డబ్బాలో 400 గ్రాముల పొడి ఉంటుంది. ఒక గ్లాసుకు దాదాపు 55 గ్రాములు వేస్తే 250 కేలరీలు వస్తాయి. అంటే డబ్బాకు ఏడు గ్లాసులు. రోజుకు రెండు గ్లాసులు తాగమని నాకు రాసిచ్చారు. వారానికి రెండు డబ్బాలు. డబ్బా 1,450 రూపాయల చొప్పున నెలకు పన్నెండువేలు దాటుతుంది. నా జీతం పద్దెనిమిదివేలు. మోటారు పంపులు బాగుచేసే మా ఆయన సంపాదన ఎండాకాలం ఒకలాగా, వానాకాలం ఒకలాగా ఉంటుంది. అందువల్ల రెండేళ్ళుగా ఒక గ్లాసుతోనే నెట్టుకొస్తున్నాను. మొదట్లో ఒక గ్లాసు పొడినే రెండు గ్లాసుల నీళ్ళలో కలిపి రెండుసార్లు తాగి, రాసిచ్చినట్టే చేస్తున్నానని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. డైటీషియన్‌గారికి ఆ సంగతి తెలిసినప్పుడు బాగా మందలించారు. నీళ్ళు రెట్టింపైతే కడుపు నిండుతుంది, కేలరీ ఒక్కటీ పెరగదు. తెరిచిన డబ్బాను మూడు వారాల్లో వాడెయ్యాలి కాబట్టి, నెలలతరబడి సాగదీసే ఉపాయం కూడా చెల్లదు.

అన్నిటికంటే కష్టం అనిపించింది ఒక చెంచా. పాపకు ఎనిమిదేళ్ళప్పుడు, వెనిలా వాసన చూసి ఒక్క చెంచా పెట్టమని అడిగింది. “అది మందమ్మా, పిల్లలు తాగకూడదు” అన్నాను. తర్వాతెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆరో తరగతి చదువుతోంది; అప్పుడు నేను చెప్పింది ఎంతవరకు నిజమో ఊహించే వయసు దానికి వచ్చిందనే అనుకుంటున్నాను.

మందా, తిండా అన్న తగవు నాకు ఈనాటిది కాదు. 2021 వేసవిలో జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు విడవకుండా పట్టుకుంటే విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రిలో గొట్టం వేసి చూశారు. చిన్నపేగు పెద్దపేగును కలిసేచోట పుళ్ళున్నాయి. మన దేశంలో పేగుకు కూడా క్షయ వస్తుంది. ఆ పుళ్ళు క్షయవో, క్రోన్స్‌వో కెమెరాకూ ముక్కపరీక్షకూ కూడా చాలాసార్లు తేలదు కాబట్టి, ముందు క్షయ మందులు వాడి చూడటం వైద్యుల పద్ధతి. అందులో ఎవరి తప్పూ లేదని తర్వాత నాకు అర్థమైంది. క్షయ రోగిగా పేరు నమోదు కావడంతో, పోషకాహారం కోసం నెలకు 500 రూపాయల చొప్పున నా బ్యాంకు ఖాతాలో పడింది. 2018 ఏప్రిల్‌లో మొదలైన నిక్షయ్ పోషణ్ యోజన అది. 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. ఆరు నెలలు మందులు మింగినా పుళ్ళు మానలేదు. జబ్బు పేరు మారింది, డబ్బు ఆగింది. పేగు అదే, తగ్గిన బరువు అదే, డాక్టరుగారు రాసిన “మాంసకృత్తులు ఎక్కువ తీసుకోవాలి” అన్న వాక్యం అదే. క్షయ రోగులకు ఇచ్చేదాన్ని చూసి నాకు అసూయ లేదు. వెయ్యి రూపాయలతో వాళ్ళకూ నెల గడవదు. అయినా, నా తిండిని వైద్యంలో భాగంగా గుర్తించిన ఒకే ఒక్క కాగితం నాది కాని జబ్బు పేరుమీద వచ్చిందన్నది తలచుకుంటే ఇప్పటికీ విచిత్రంగానే ఉంటుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కార్డు మా ఇంట్లోనూ ఉంది. పేగు మూసుకుపోయి ఆపరేషను అవసరమైతే అది ఆదుకోవచ్చు. ఆపరేషనుదాకా పోకుండా ఇంట్లో తాగే పొడికి మాత్రం అది వర్తించదు.

సాయంత్రం బడి వదిలాక గంటస్తంభం దగ్గరి మందుల దుకాణానికి వెళ్ళాను. మూడు లాంతర్ల వైపునుంచి ఆటోలు, శివాలయానికి పోయే ఆడవాళ్ళు, అరటిదొప్పలు, ఉసిరికాయలు అమ్మేవాళ్ళతో వీధి కిక్కిరిసి ఉంది. దుకాణంలో అబ్బాయి నన్ను చూడగానే డబ్బా తీసి బల్లమీద పెట్టి, “టీచరుగారూ, కొత్త స్టాకుకి రేటు పెరిగిపోనాదండి, మేం ఏటి చేస్తాం” అన్నాడు. 1,520. డబ్బాకు డెబ్బై రూపాయలు పెరిగింది. చేతిలోకి తీసుకుని, ఇంతకుముందు ఎన్నిసార్లో చదివిన అక్షరాలనే మళ్ళీ చదివాను. వైద్యుల సలహామేరకు మాత్రమే వాడాలని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్కన మాత్రం బిస్కెట్టు పొట్లంమీద ఉండే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరే ఉంటుంది. నేను రోజూ వేసుకునే అజాథయోప్రిన్ మాత్ర అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉంది, దానికి ప్రభుత్వం గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. ఈ పొడి చట్టం దృష్టిలో ఆహారం, దానికి అలాంటి కట్టుబాటు లేదు. డాక్టరు చెబితేనే తాగాల్సినంత మందు, ధర దగ్గరికి వచ్చేసరికి తిండి.

ఆ మధ్య జబ్బు తిరగబెట్టినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. పిల్లల్లో ఈ జబ్బు రేగితే స్టెరాయిడ్లకు బదులుగా ఆరునుంచి ఎనిమిది వారాలు అన్నం పూర్తిగా మాన్పించి, ఇలాంటి పొడి మాత్రమే తాగించి వాపు తగ్గిస్తారట. పెద్దవాళ్ళు అంతకాలం పట్టుబట్టి తాగడం కష్టం గానీ, వారిలోనూ కొందరికి పనిచేస్తుందట. ఆసుపత్రి మంచంమీదే లెక్క వేశాను. రోజుకు 2,000 కేలరీలంటే ఎనిమిది గ్లాసులు, ఎనిమిది వారాలకు అరవైనాలుగు డబ్బాలు, తొంభైరెండువేల ఎనిమిదివందల రూపాయలు. స్టెరాయిడ్ మాత్రల ఖర్చు దాని ముందు టీ నీళ్ళ ఖర్చు. అవే వాడాను. ముఖం ఉబ్బింది, నిద్ర పోయింది, ఎముకలు పలచబడకుండా కాల్షియం మాత్రలు తోడయ్యాయి. వాపు తగ్గిన మాట నిజమే, అందుకు కృతజ్ఞత కూడా ఉంది. అయినా రెండు దారులూ నా ముందు సమానంగా పరిచి నన్ను ఎంచుకోమన్నట్టు ఎవరైనా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది.

డబ్బా అక్కడే పెట్టించి, దుకాణం పక్కన నిలబడి డైటీషియన్‌గారికి ఫోన్ చేశాను. ధర పెరిగిందని చెప్పి, రోజుకు గ్లాసును ముప్పావు చేసుకోవచ్చా అని అడిగాను. ఆవిడ కాసేపు ఆగి, “ఇంకా ఆ పెప్టైడ్ పొడే వాడుతున్నారా అమ్మా?” అని అడిగారు. ఆసుపత్రినుంచి ఇంటికి పంపేటప్పుడు, పేగు పచ్చిపుండుగా ఉందని, మాంసకృత్తులను ముందే చిన్న ముక్కలు చేసిన పొడి రాశారట. క్రోన్స్ వ్యాధిలో ఆ పొడికీ మామూలు పొడికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా పరిశోధనల్లో కనబడలేదని, ఇప్పుడు బరువు నిలకడగా ఉంది కాబట్టి మామూలు పొడిని సగం గ్లాసుతో మొదలుపెట్టి పది రోజులు చూడమని, నొప్పిగానీ విరేచనాలుగానీ వస్తే ఆపి ఫోన్ చేయమని చెప్పారు.

మామూలు పొడి డబ్బా 720 రూపాయలు. రెండు డబ్బాలు కలిపినా 1,440. ఇన్నాళ్ళూ ఒక గ్లాసుకు పెట్టిన డబ్బుతో, రాసిచ్చిన రెండు గ్లాసులూ తాగి ఉండవచ్చునన్నమాట. రెండేళ్ళకు ఎంతయిందో లెక్క కట్టబోయి మానేశాను. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. చీటీ రాసినవారు ఆనాటి పేగును చూసి సరిగానే రాశారు. ఆ చీటీని మళ్ళీ చూపించి అడగాలన్న సంగతి నాకు తోచలేదు. డాక్టరు రాసిన మందు మానకూడదని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. దుకాణం అబ్బాయి ఖరీదైన డబ్బాను లోపల పెట్టేసి చిన్నబుచ్చుకోకుండానే మామూలు డబ్బా ఒకటి తీసి ఇచ్చాడు. ఒక్కటే కొన్నాను. పడకపోతే రెండోది వృథా.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. అత్తగారు డాబామీద నక్షత్రం చూసి దిగి వచ్చి, దీపం దగ్గర నైవేద్యం పెట్టి భోజనానికి కూర్చుంటున్నారు. పాత డబ్బాలో ఇంకా మూడు గ్లాసుల పొడి ఉంది. మంగళ, బుధ, గురువారాలకు సరిపోతుంది. కొత్తది శుక్రవారం తెరుస్తాను. దాన్ని ఎప్పటిలాగే మందుల బీరువాలో పెట్టబోతుంటే ఆవిడ కంచం ముందునుంచే అడిగారు.

“కొత్తదా అమ్మా? అందులో గుడ్డేమైనా కలుస్తుందా?”

చదివి చూశాను. పాలు, సోయా మాత్రమే ఉన్నాయి.

“లేదత్తయ్యా.”

“అయితే బీరువాలో ఎందుకు, వంటింట్లో పంచదార డబ్బా పక్కన పెట్టుకో” అన్నారు.