రెండు సంచుల ఊక బూడిద

ఎంటెక్ ప్రాజెక్టు కోసం మిర్యాలగూడ నుంచి కొచ్చికి రెండు సంచుల బూడిద మోసుకెళ్లాను. శబరి ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద ఒక సంచి చిరిగి కాస్త రాలింది. ఎదురు సీట్లో పెద్దాయన గబుక్కున కాళ్లు పైకి పెట్టుకుని, కాసేపు నా మొహం చూసి, "ఎవరు పోయారు బాబూ?" అని మెల్లగా అడిగాడు. ఊక బూడిదండీ, టైర్ల రబ్బరులో కలపడానికి అన్నాను. నమ్మినట్టు లేదు. పడుకునేదాకా కాళ్లు కిందికి దించలేదు.

మా వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లకు ఊకే పొయ్యికట్టె. వంద కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వస్తుంది, అది కాలితే నాలుగు కిలోల దాకా బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో చాలా భాగం సిలికా. టైర్ల వాళ్లకు కావలసిందీ అదే. టైరు నల్లగా ఉండేది కార్బన్ బ్లాక్ వల్ల. 1992లో మిషెలిన్ కంపెనీ ట్రెడ్‌లో, అంటే రోడ్డును తాకే పై పొరలో, దాని బదులు సిలికా వాడి టైరు తెచ్చింది. దొర్లేటప్పుడు వేడి రూపంలో పోయే శక్తి తగ్గుతుంది, తడి రోడ్డు మీద పట్టు పోదు. తర్వాత గుడ్‌ఇయర్ ఊక బూడిద నుంచి తీసిన సిలికా కూడా వాడుతోందని చదివాక నాకు నిద్ర పట్టలేదు. మా నాయన మాత్రం "గీ బూడిద కోసం గంత దూరం పోవాల్నారా?" అన్నాడు.

బూడిద నుంచి సిలికా తీయడం పుస్తకంలో నాలుగు లైన్లే. పలుచటి ఆమ్లంతో కడగాలి, ఫర్నేసులో కాల్చాలి, కాస్టిక్ సోడాలో ఉడికించి వడకట్టాలి, ఆ ద్రవంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సిలికా విడిపోతుంది. ఫర్నేసు వేడి 700 డిగ్రీల లోపే ఉంచాను. అది దాటి పోతే సిలికా స్ఫటికంగా మారే ప్రమాదం ఉంది, అది రబ్బరుకూ పనికిరాదు, ఊపిరితిత్తులకూ మంచిది కాదు. అసలు చిక్కు ఆమ్లం దగ్గర వచ్చింది. తొందరపడి చల్లటి ద్రవంలోనే గబగబా పోశాను. రెండు నిమిషాల్లో బీకరు మొత్తం జున్నులా గడ్డకట్టింది, తిప్పే కడ్డీ అందులోనే నిలబడిపోయింది. ఆరబెడితే గులకరాళ్లయ్యాయి. 80 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచి, చుక్క చుక్కగా పోస్తూ గంటకు పైగా తిప్పితే అప్పుడు మెత్తటి తెల్లటి పొడి వచ్చింది. తర్వాత కడగడం. అందులో మిగిలిన ఉప్పు పోవాలి కదా, ఎన్ని సార్లు కడిగానో లెక్క మానేశాను.

ఇక రబ్బరు. సిలికాకు నీళ్లంటే ప్రాణం, రబ్బరుకు నీళ్లంటే పడదు. ఊరికే కలిపితే సిలికా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపు కడతాయి. అందుకే సిలేన్ అనే ద్రవం వేస్తారు. మేము దాన్ని పెళ్లిళ్ల పేరయ్య అనేవాళ్లం. ఒక చివర సిలికాకు అతుక్కుంటుంది, రెండో చివరన ఉన్న గంధకం క్యూర్ అయ్యేటప్పుడు, అంటే వేడి చేసి రబ్బరును గట్టిపరిచేటప్పుడు, రబ్బరును పట్టుకుంటుంది. నా మిశ్రమంలో వంద పాళ్ల రబ్బరుకు 60 పాళ్ల సిలికా, సుమారు ఐదు పాళ్ల సిలేన్.

ఈ పేరయ్య 140 డిగ్రీలు దాటితే కానీ సరిగా పని మొదలుపెట్టడు. 160 దాటిందా, గంధకం ముందే విడిపోయి రబ్బరు మిక్సర్లోనే గట్టిపడుతుంది. మిక్సర్లో వేడి దానంతటదే పెరుగుతుంది, రాపిడి కదా. మొదటి బ్యాచ్ 125 దగ్గరే తీసేశాను, భయంతో. షీటు మీద తెల్లటి మచ్చలు, అంచులు విరిగిన అప్పడంలా ఉన్నాయి. రెండోది చూస్తూ చూస్తూ 170 దాటింది. తీస్తే మధ్యలో గట్టి గోళీలు. స్కార్చ్ (ముందే గట్టిపడటం) అయిందని ల్యాబులో రబ్బరు మిల్లు చూసే చేట్టన్ (మలయాళంలో అన్న) ఒక గోళీ నా చేతిలో పెట్టి నవ్వాడు. మూడోసారి 145 రాగానే రోటర్ వేగం తగ్గించి, 150 దాటకుండా ఐదు నిమిషాలు పట్టుకున్నాను. చెమటలు నాకు పట్టాయి, మిక్సర్‌కు కాదు. మూత ఎత్తగానే గుప్పున మందు వాసన! చేట్టన్ నా వైపు వాసన చూసి, పొద్దున్నేనా అన్నట్టు చెయ్యి తిప్పాడు. సిలేన్ సిలికాకు అతుక్కున్నప్పుడు ఆల్కహాల్ విడుదలవుతుంది. రెండు నెలల్లో నాకు దొరికిన మొదటి మంచి కబురు ఆ వాసనే.

సంతోషం పట్టలేక ఇంకా బాగా రావాలని, తర్వాతి బ్యాచ్‌కు సిలికాను ఓవెన్లో పూర్తిగా ఎండబెట్టాను. బయట కొచ్చి వాన, చెమ్మ ఉండకూడదని నా తెలివి. ఫలితం ఇంకా పాడైంది. సిలేన్ విడివడి సిలికాను పట్టుకోవాలంటే కొంచెం నీరు కావాలట, మార్కెట్లో అమ్మే సిలికాలో ఐదారు శాతం తేమ ఉండేది ఉట్టిగా కాదట. మా గైడ్ ఈ మాట చెప్పేసరికి నా మూడు వారాలు పోయాయి. ముందే చెప్పి ఉండొచ్చు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

క్యూర్ కూడా మొదట్లో నత్తనడకే. క్యూర్‌ను వేగం చేసే యాక్సిలరేటర్లను సిలికా ఉపరితలం పీల్చేసుకుంటుంది. డీపీజీ అనే యాక్సిలరేటర్ కొద్దిగా ఎక్కువ వేస్తే, క్యూర్ ఎలా సాగుతుందో చూపే రియోమీటర్ గీత దారికి వచ్చింది.

చివరి షీటులో 60 డిగ్రీల దగ్గర కొలిచిన టాన్ డెల్టా, అంటే వేడిగా పోయే శక్తి కొలత, కార్బన్ బ్లాక్ షీటు కన్నా బాగా తగ్గింది. అంటే టైరు తక్కువ వేడెక్కుతుంది, ఇంధనం మిగులుతుంది. కొన్న సిలికాతో చేసిన షీటును మాత్రం దాటలేకపోయింది, అరుగుదల పరీక్షలో వెనకబడింది. నా రేణువులు ఇంకా ముద్దలుగానే ఉన్నాయి, అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నాకే కనపడింది.

సెలవులకు ఒక షీటు ముక్క ఇంటికి పట్టుకెళ్లాను. నాయన దాన్ని సాగదీశాడు, వదిలాడు, మళ్లీ సాగదీశాడు. "బస్తాకు ఎంత వస్తదిరా?" అన్నాడు. కాస్టిక్, ఆమ్లం, ఆ కడిగిన నీళ్లు అన్నీ లెక్కేసి చెప్తానన్నాను. ఇంకా చెప్పలేదు. రెండో సంచి బూడిద ల్యాబులో బెంచీ కిందే ఉంది.