మియాపూర్ నుంచి రాజమండ్రి దాకా, చక్రాల కుర్చీలో

యాక్సిడెంట్ అయ్యాక ఏడేళ్ళు నేను రైలు ముఖం చూడలేదు. వెన్నుపూసలో టీ4 దగ్గర, అంటే ఛాతీ భాగంలో పైనుంచి నాలుగో పూస దగ్గర దెబ్బ తగిలింది, ఛాతీ కింద నుంచి స్పర్శ లేదు, యూరిన్‌కి ఎప్పుడూ కేథటర్ ట్యూబ్ ఉండాల్సిందే. 2022 కార్తీకంలో అమ్మ "ఒక్కసారి గోదావరి చూసొద్దామే" అంటే కాదనలేకపోయా. నేను, అమ్మ, తమ్ముడు బయల్దేరాం.

ఇంటి నుంచి మియాపూర్ మెట్రో దాకా ఫుట్‌పాత్ మీద బైకులే, అందుకని రోడ్డు మీదే వెళ్ళాల్సొచ్చింది, తమ్ముడు వెనక నడుస్తూ బండ్లకి చెయ్యి అడ్డం పెట్టాడు. మెట్రోలో మాత్రం వాడికి పనేం లేదు. రోడ్డు మీంచి లిఫ్ట్, వెడల్పు గేటు, మళ్ళీ లిఫ్ట్, కోచ్ దగ్గర చిన్న సందు ఉంటే ముందు చక్రాలు కాస్త లేపి దాటించా. లోపల కుర్చీ పెట్టుకోడానికి ఖాళీ జాగా, ఏదైనా అయితే డ్రైవర్‌తో మాట్లాడే బటన్. అమీర్‌పేటలో లైన్ మారేటప్పుడు కూడా లిఫ్ట్ బటన్ నేనే నొక్కా. ఏడేళ్ళలో ఎవరూ నన్ను ముట్టుకోకుండా ఒక బండెక్కడం అదే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రైలు దగ్గరికొచ్చేసరికి అదంతా పోయింది. స్టేషన్ పేరు రాయను, మా ప్లాట్‌ఫామ్ వైపు లిఫ్ట్ ఆ రోజు పనిచేయలేదు, చివరి దాకా వెళ్ళి పట్టాలు దాటించారు. స్లీపర్ కోచ్ తలుపులో నా కుర్చీ పట్టదు. దివ్యాంగుల కోచ్ ఉంటుంది, తలుపు వెడల్పు, బాత్రూమ్ పెద్దది, కానీ ఎక్కువగా రైలు చిట్టచివర గార్డు పక్కన ఉంటుంది, రాత్రిపూట అక్కడ అమ్మకి భయం. టికెట్లో నాకూ తోడు వచ్చిన అమ్మకీ స్లీపర్‌లో 75 శాతం రాయితీ వచ్చింది, అది మంచిదే. కానీ ఇద్దరు కూలీలు చంకల కింద ఒకరు, మోకాళ్ళ కింద ఒకరు పట్టుకుని ఎత్తుతుంటే, నా చున్నీ జారితే అమ్మ పరిగెత్తుకొచ్చి సర్దింది. పాపం వాళ్ళు జాగ్రత్తగానే ఎత్తారు. అయినా ఆడదాన్ని, నలుగురి ముందు అలా... రైళ్ళూ బస్సులూ అందరూ ఎక్కేలా ఉండాలని 2016 చట్టంలోనే ఉంది కదా, మరి ఇంకా మనుషుల చేతుల మీద ఎందుకు ఎక్కాలి నేను?

అర్ధరాత్రి తల పగిలిపోతున్నంత నొప్పి, మొహం అంతా చెమట. నాకు వెంటనే అర్థమైంది. టీ6 పైన దెబ్బ తగిలినవాళ్ళకి బ్లాడర్ నిండిపోతే మనకి తెలీదు, ఒళ్ళు మాత్రం తట్టుకోలేక బీపీ ఒక్కసారిగా పెంచేస్తుంది, ఆలస్యమైతే మెదడులో రక్తనాళం చిట్లొచ్చు. కూర్చోబెట్టాలి ముందు. కానీ పైన మిడిల్ బెర్త్ వేసి ఉంది! అక్కడ పడుకున్నావిడని లేపితే పాపం ఒక్క మాట అనకుండా దిగి బెర్త్ మడిచేసింది. తమ్ముడు చైన్ లాగి 108కి చేద్దామన్నాడు, పొలాల మధ్యలో ఆగితే అంబులెన్స్ ఎలా వస్తుందిరా అని నేనే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చేశా, 1 నొక్కితే సెక్యూరిటీ, మెడికల్ ఎమర్జెన్సీ. పీఎన్ఆర్, కోచ్, బెర్త్ అడిగారు, చెప్పా.

ఇంతలో అమ్మ యూరిన్ బ్యాగ్ చూసి "ఇదేంటే, చుక్క కూడా పడలేదు" అంది. ఎత్తి పడుకోబెట్టినప్పుడు ట్యూబ్ నా తొడ కింద నలిగిపోయింది! అమ్మే లాగి సరిచేసింది. తర్వాతి స్టేషన్లో డాక్టరొచ్చి చూసేసరికి బీపీ 160, నాకు మామూలుగా 100 దాటదు, అంటే ముందెంత ఉండుంటుందో. ఇలాంటప్పుడు ఏం చేయాలో నేను రాసిపెట్టుకున్న చీటీ చదివి "మంచి పని చేశారమ్మా" అని బీపీ దిగేదాకా మళ్ళీ మళ్ళీ చూశాడు, ఆయనకి దండం.

రాజమండ్రిలో పుష్కర ఘాట్ పైమెట్టు దగ్గరే ఆగిపోయా. కిందకన్నీ మెట్లే. తమ్ముడు చెంబుతో నీళ్ళు తెచ్చి నెత్తిన పోశాడు, నీళ్ళు చల్లగా ఛాతీ దాకా తెలిశాయి, కింద తెలీలేదు. దీపం అమ్మ వదిలింది. 2027 పుష్కరాలకి అక్కడ ఒక్క ర్యాంప్ అయినా నీళ్ళ దాకా వేస్తే నా దీపం నేనే వదులుతా.

చీటీ గురించి అడుగుతారేమో, ఇదిగో. తెలుగులో ఒకవైపు, ఇంగ్లీషులో ఒకవైపు పెద్ద అక్షరాలతో రాసి లామినేషన్ చేయించా: "నాకు వెన్నుపూస గాయం టీ4. తలనొప్పి, చెమటలు వస్తే పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టండి. బట్టలు వదులు చేయండి. కేథటర్ ట్యూబ్ మడత పడిందేమో చూడండి. మామూలు బీపీ 100/60, ఐదు నిమిషాలకోసారి చూడండి." తిరుగు ప్రయాణంలో కింద ఇంకో లైను పెన్నుతో రాశా: "ఎత్తి దించాక ట్యూబ్ మళ్ళీ చూడండి."